అరశ్రుతి దించిన పెట్టె

డేవిడ్‌రాజు చేతులు అప్పటికే పెట్టె కడుపులో ఉన్నాయి. పై మూత తీసి గోడకు ఆనించాడు. గాలితిత్తి కదలకుండా తాడు బిగించాడు. గాలికి పలికే ఇత్తడి రీడ్లు వరసగా బిగించి ఉన్న పలకను ఎడమచేత్తో ఒడిసిపట్టి, కుడిచేత్తో మెత్తటి కుంచె ఆడిస్తున్నాడు. జగ్గయ్యపేటలో ఏ హార్మోనియం విప్పినా మూడు రకాల దుమ్ము కనిపిస్తుంది. తెల్లటిది సిమెంటుది, ఎర్రటిది మిరపకాయలది, మూడోది మామూలు రోడ్డు దుమ్ము. ఎర్రది ముక్కుకెక్కితే ఆ పూటకు పని సాగదు. అందుకే ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు.

ఆ పెట్టె వీరులపాడు దశరథరామయ్యది. ఆయన తండ్రి కొన్నది. నలభై ఐదేళ్ళుగా దాని మూత విప్పింది డేవిడ్‌రాజు ఒక్కడే. ఆ సంగతి మూత లోపలి చెక్కే చెబుతుంది. పనిచేసిన ప్రతిసారీ తేదీ, చేసిన పని, కింద తన పేరు పెన్సిలుతో అక్కడ రాయడం అతని అలవాటు. తిత్తికి కొత్త తోలు వేశానని ఒకచోట, ఎలుక కొరికిన చెక్క మార్చానని ఒకచోట, రెండు రీడ్లు మార్చానని ఇంకొకచోట. రాయమని ఎవరూ అడగలేదు. మూత బిగించాక ఎవరికీ కనిపించదు కూడా. చేసినవాడు చేసింది రాసి పెట్టాలి, అంతే.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న చంద్రమౌళి మాస్టారు చాలాసేపటినుంచి గొంతు సవరించుకుంటున్నాడు. నందిగామలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. దశరథరామయ్య నాటకానికి పాతికేళ్ళుగా హార్మోనియం వాయించేది ఆయనే.

"రాజూ, దుమ్ము దులపడానికి తేలేదయ్యా ఇది."

"తెలుసండి. దసరాకేగా దులిపింది." డేవిడ్‌రాజు తల ఎత్తలేదు. "ఏదో చెప్పడానికొచ్చారు. స్టూలు అరిగేలోపు చెప్పండి."

మాస్టారు నవ్వలేదు. "ఐదుని నాలుగున్నర చెయ్యాలి."

కుంచె ఆగింది.

"పెట్టె మొత్తం అరశ్రుతి దించాలి. ఐదు మీద వేలు పెడితే నాలుగున్నర పలకాలి. రామయ్యకి తెలియకూడదు."

శ్రుతి అంటే పాటగాడు నిలబడే మెట్టు. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి ఎక్కాలి. పద్యనాటకాలవాళ్ళకు అదొక పౌరుషం. మైకులు లేని రోజుల్లో ఊరి చివర కూర్చున్నవాడికీ వినపడాలని ఐదు, ఆరు పట్టి పాడేవారు. మైకులు వచ్చినా ఆ పౌరుషం పోలేదు. దశరథరామయ్యది ఐదు. ఆయనకిప్పుడు డెబ్బై ఒకటి.

"మీరు నాలుగున్నర మీద వేలు పెట్టి వాయించొచ్చుగా మాస్టారూ. పెట్టె జోలికెందుకు?"

"ఏం తెలియనట్టు మాట్లాడకు."

నిజమే, డేవిడ్‌రాజుకు తెలుసు. నాటకం మొదలయ్యేముందు దశరథరామయ్య రాజు వేషంలో పెట్టె దగ్గరికొస్తాడు. తెల్లటి ఐదో శ్రుతి మెట్టు మీద తన వేలు తనే పెట్టి, కళ్ళు మూసుకుని శ్రుతి అందుకుంటాడు. తరవాత పెట్టెను కళ్ళకద్దుకుంటాడు. స్టేజి మీద పెద్ద పద్యాలన్నీ పెట్టె పక్కన నిలబడే పాడతాడు. మాస్టారి వేళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో ఆయనకు చూడకుండానే తెలుస్తుంది.

"కార్తీకంలో కీసర వచ్చావుగా నువ్వు?" అన్నాడు మాస్టారు.

వెళ్ళాడు. ఆఖరి రంగంలో, సంకెళ్ళతో నిలబడ్డ రాజు పద్యం పై చరణంలో గొంతు చీలింది. ఆగి మళ్ళీ అందుకోబోయాడు. మళ్ళీ చీలింది. వెనక కుర్చీల్లోంచి ఎవడో కోడికూత కూశాడు. జనం నవ్వారు. దశరథరామయ్య మిగతా పద్యాన్ని వచనంలా చెప్పి ముగించాడు. నాటకం అయ్యాక కిరీటం తనే తీసి, తుడిచి, ట్రంకులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ అది వేరేవాళ్ళు తీసేవారు.

"బెజవాడలో డాక్టరు చూశాడు. ఇలాగే లాగితే మామూలు మాట కూడా మిగలదన్నాడు. అర దించుకుందాం రామయ్యా అని నేనొక్కసారి అన్నా. 'ఐదు పోయిన్నాడే కిరీటం పోయింది మౌళీ, ఇంక వేషం కట్టను' అన్నాడు. శివరాత్రికి నందిగామలో నాటకం. ఇంకా పన్నెండు రోజులుంది. వేషం మానేస్తే ఈ మనిషి ఏం చేస్తాడో నాకు తెలియదు. ఐదులోనే పాడితే ఏమవుతుందో తెలుసు. నీకూ తెలుసు."

డేవిడ్‌రాజు తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. అరవై నాలుగేళ్ళు వచ్చాయి. మోకాళ్ళు మడిస్తే విప్పడానికి గోడ కావాలి. ఈ మధ్య పని కూడా తగ్గింది. చర్చీల్లోకి కీబోర్డులొచ్చాయి. ఉన్న నాలుగు పెట్టెలవాళ్ళూ ఇలాంటి పనులు తెస్తున్నారు.

"చూస్తానండి, వదిలి వెళ్ళండి," అన్నాడు.

*

అతనిది చందర్లపాడు. పదిహేనో ఏట జగ్గయ్యపేట వచ్చి సైకిలు షాపులో చేరాడు. చర్చిలో హార్మోనియం మూగబోతే, ఎటూ పారేసేదేగా అని పాస్టరుగారు దాన్ని అతనికిచ్చారు. విప్పడానికి ఒక పూట పట్టింది, బిగించడానికి ఏడు నెలలు. ఎవరూ నేర్పలేదు. ఏ మర ఎక్కడిదో మర్చిపోకుండా అట్టముక్కకు గుచ్చి పక్కన బొమ్మ గీసుకునేవాడు. చెవి మాత్రం దేవుడిచ్చాడు. రెండు రీడ్లు కలిపి మోగిస్తే మధ్యలో అల కొట్టుకోకూడదు, ఒకే గీతలా సాగాలి. ఆ ఒక్కటీ పట్టుకుని మిగతా అంతా నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లోనే దశరథరామయ్య సైకిలుకు పంక్చరు వేయించుకోవడానికి షాపుకొచ్చాడు. బల్ల మీద పరిచి ఉన్న పెట్టెను చూశాడు.

"ఎవరు విప్పారిది?"

"నేనేనండి."

"విప్పినవాడివి బిగించగలవా?"

"బిగించి చూపిస్తానండి."

తన ఇంట్లో ఎలుకలు కొట్టిన పెట్టె ఒకటి ఉందని, బెజవాడలో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారని చెప్పాడు. మర్నాడే తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయాడు. దశమికి పసుపు కుంకుమ పెట్టే పెట్టె. దాన్ని ఒక సైకిలు షాపు కుర్రాడి చేతికి, అందులోనూ చందర్లపాడు ఊరవతలి పేటలోంచి వచ్చినవాడి చేతికి ఇచ్చినందుకు వీరులపాడులో కొందరు మొహం చిట్లించారట. దశరథరామయ్య పట్టించుకోలేదు. నెల తరవాత వచ్చినప్పుడు డేవిడ్‌రాజు మూత తీసి చూపించబోయాడు.

"చూడక్కర్లేదులే. శ్రుతి కలిసిందా?"

"కలిసిందండి."

"నువ్వు కలిసిందన్నావుగా, చాలు."

పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మెట్టు కూడా నొక్కి చూడలేదు. ఆ ఒక్క మాట విని మధిర నుంచి, కోదాడ నుంచి కూడా నాటకాలవాళ్ళు పెట్టెలు తెచ్చారు. డేవిడ్‌రాజు సైకిలు షాపు మాని సొంతంగా బల్ల వేసుకున్నాడు. ఆ మాట మీద నలభై ఐదేళ్ళు బతికాడు.

ఇప్పుడు అదే పెట్టెకు అబద్ధం నేర్పాలి.

చర్చికి వెళ్ళే మనిషే అయినా డేవిడ్‌రాజు చూసినన్ని పద్యనాటకాలు జగ్గయ్యపేటలో చాలామంది చూసి ఉండరు. పెట్టె ఎలా పలుకుతోందో వినడానికి వెళ్ళేవాడు. అలా వెళ్ళీ వెళ్ళీ ఒకటి గమనించాడు. ఆ పాత నాటకాలన్నిటిలోనూ నమ్మినవాడొకడు, ముంచినవాడొకడు ఉంటారు. ముంచేవాడు మాట్లాడతాడు, నమ్మినవాడు పాడతాడు. ముంచేవాడి రంగంలో పెట్టెకు విశ్రాంతి. మోసపోయినవాడు రంగంలోకి రాగానే తిత్తికి ఊపిరాడదు. జనం వన్స్‌మోర్ కొట్టేదీ మోసపోయినవాడికే. తిత్తి తోలు ఎక్కడ ఎంత అరిగిందో చూసి, ఆ ఏడు రామయ్యగారు ఎన్ని నాటకాలాడారో డేవిడ్‌రాజు చెప్పగలడు.

దశరథరామయ్య ఆడే నాటకంలో రాజు కోట తాళంచెవిని చిన్ననాటి స్నేహితుడైన మంత్రి చేతికిచ్చి యుద్ధానికి వెళతాడు. రాజు గెలవలేడని మంత్రికి తెలుసు. ఎలాగైనా అతని ప్రాణం దక్కించాలని శత్రువుతో ఒప్పందం చేసుకుని రాత్రికి రాత్రి కోట తలుపు తీస్తాడు. సంకెళ్ళలో ఉన్న రాజుతో 'నీ మేలు కోరే చేశాను' అంటాడు. అప్పుడు వస్తుంది ఆ పెద్ద పద్యం, కీసరలో గొంతు చీలిన పద్యం. దాని అర్థం డేవిడ్‌రాజుకు కంఠతా వచ్చు. నా బలం ఎంతో నా మొహాన చెప్పే అధికారం నీకొక్కడికే ఇచ్చాను, తాళంచెవి వాడుకున్నావు గాని ఆ అధికారాన్ని వాడుకోలేకపోయావు అంటాడు రాజు.

ఆ పద్యం గుర్తుండి కూడా మర్నాడు పొద్దున్నే డేవిడ్‌రాజు మరలు విప్పడం మొదలుపెట్టాడు. కోడికూత చెవిలోంచి పోలేదు. అది మరోసారి వినలేననుకున్నాడు.

ముప్పై తొమ్మిది మెట్లు. మెట్టుకు రెండు రీడ్లు, మొత్తం డెబ్బై ఎనిమిది. రీడు మొదట్లో గీస్తే శ్రుతి దిగుతుంది, కొసలో గీస్తే ఎక్కుతుంది. ఆకురాయితో అన్నిటినీ గీసి దించొచ్చు. కాని అరవై ఏళ్ళనాటి ఇత్తడిని గీయడానికి అతనికి మనసొప్పలేదు. జరపడమే మేలనుకున్నాడు. నాలుగున్నర రీడును ఐదు గదిలోకి, ఐదు రీడును ఐదున్నర గదిలోకి, అలా ప్రతిదాన్నీ పక్కింట్లోకి. కొన్ని గదులు ఇరుకు, ఇత్తడి నాలుక అంచుకు తగులుతుంది. చెక్కను చెక్కకుండా కింద పల్చటి కాయితం అంటించి సర్దాడు. కింది చివర ఖాళీ అయిన చోట తన డబ్బాలోంచి ఒక జత వేశాడు. పై చివర మిగిలిపోయిన జతను కాయితంలో చుట్టి దాచాడు.

మూడు రోజులు పట్టింది. భార్య రాహేలు మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టి చూసింది.

"బాగున్న పెట్టెని ఎందుకు పీకుతున్నారు?"

"బాగుచేయడానికే."

"మీ మొహం అలా లేదు."

పని అయ్యాక మూత లోపల పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తేదీ వేశాడు. 'అరశ్రుతి దించడమైనది' అని రాశాడు. 'చంద్రమౌళి మాస్టారి' దాకా రాసి, ఆగి, అది చెరిపేశాడు. చేతులు తనవి. కింద తన పేరు రాసి మూత బిగించాడు. అదే సాయంత్రం మాస్టారు వచ్చి పెట్టె తీసుకెళ్ళాడు.

*

నాలుగు రోజుల తరవాత, పదకొండు గంటల ఎండలో, దశరథరామయ్య మోటారుసైకిలు షాపు ముందు ఆగింది. మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయినట్టున్నాడు. చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"ఏవయ్యా డేవిడ్‌రాజూ! గొంతు ఎక్కడికీ పోలేదయ్యా. నాలుగు రిహార్సళ్ళేసా. ఐదు మీద వేలు పెట్టి, ఎత్తుకుంటే, పై చరణం వెన్నలా జారిపోతోంది. మౌళిగాడు అదిరిపోయాడు. నోట మాట లేదు వాడికి."

"కూర్చోండి రామయ్యగారూ."

"డాక్టరు మాట వింటే వేషం విప్పి మూల కూర్చునేవాణ్ణి. మిరియాల పాలు పనిచేసినయ్. మా ఇంట్లో ఆవిడ నమ్మట్లేదనుకో. నిన్న దాన్ని నందిగామ తీసుకెళ్ళి కూర్చోబెట్టి మరీ వినిపించా. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది." అంటూ చొక్కా జేబులోంచి ఒక చెక్కముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "నాకేం లేదు గాని, దీనికొచ్చింది రోగం."

బొటనవేలంత టేకుముక్క. మధ్యలో ఒక ఇత్తడి రీడు.

అది అతను చేసిందే. ఇరవై ఏళ్ళ క్రితం ఆ పెట్టెలో ఐదో శ్రుతి రీడ్ల జత మార్చినప్పుడు, పాతదాన్ని పారేయబుద్ధి కాక, చెక్కలో బిగించి, శ్రుతి కలిపి ఇచ్చాడు. ఊదితే ఐదు పలుకుతుంది. మిరపతోటలో నీళ్ళు పెడుతూ సాధన చేసుకోవడానికని అడిగితే చేశాడు. దశరథరామయ్య దానికి శ్రుతిపుల్ల అని పేరు పెట్టాడు. డెబ్బై ఎనిమిది రీడ్లు లెక్కపెట్టి జరిపినవాడు ఆ డెబ్బై తొమ్మిదోదాన్ని మర్చిపోయాడు.

"పెట్టెతో కలవట్లేదు," అన్నాడు దశరథరామయ్య. "పుల్ల ఊది ఎత్తుకుంటే గొంతు పట్టేస్తోంది. పెట్టె దగ్గర హాయిగా ఉంది. జేబులో చెమట తగిలి పాడైపోయినట్టుంది. ముసల్దయిపోయిందయ్యా నీ పుల్ల. వయసు నాకొస్తే గొంతు దానికి పోయింది. కాస్త పెట్టెకి సరిపోయేలా చెయ్యి. కూర్చుంటా."

డేవిడ్‌రాజు పుల్లను తీసుకున్నాడు. రీడు విప్పాడు. దిమ్మ మీద పెట్టాడు. ఆకురాయి అందుకున్నాడు. చేతులు వాటంతట అవే కదిలాయి. మొదట్లో మూడు గీతలు చాలు, నాలుగున్నరకు దిగిపోతుంది. ఈయన జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు. శివరాత్రికి హాయిగా పాడతాడు. ఆ తరవాత ఎవరికీ ఏమీ తెలియదు.

రీడును వేలితో మీటాడు. ఇరవై ఏళ్ళు చెమటలో, మిరప ఘాటులో తిరిగి కూడా అది వెంట్రుకవాసి తప్పలేదు. ఐదంటే ఐదే. ఇంత మంచి పని తన చేతిమీదుగా మళ్ళీ జరగదనిపించింది. పెట్టెలో జరిపినవాటిని మళ్ళీ జరపొచ్చు. గీసిన ఇత్తడి తిరిగిరాదు.

ఆకురాయి కింద పెట్టేశాడు.

"పుల్ల బాగానే ఉందండి."

"బాగుంటే ఎందుక్కలవట్లేదు?"

"పెట్టె తప్పండి."

"నీ పెట్టె తప్పేంటయ్యా!" దశరథరామయ్య నవ్వాడు. డేవిడ్‌రాజు నవ్వలేదు. ఆయన నవ్వు కాసేపు మొహం మీద ఉండిపోయి, మెల్లగా దిగింది.

"నేను దించానండి. అరశ్రుతి. మీకు తెలియకూడదని."

బయట సిమెంటు లారీ ఒకటి ఇరుకు సందులో వెనక్కి తిరుగుతూ హారన్ మోగిస్తోంది.

"ఎవరు చెప్పారు దించమని?"

"చేతులు నావండి."

"మౌళేనా?"

డేవిడ్‌రాజు తల వంచుకున్నాడు.

"అయితే ఈ నాలుగు రోజులూ నేను పాడింది..."

"నాలుగున్నరండి."

"మా ఆవిడకి వినిపించింది?"

"అదీ నాలుగున్నరేనండి."

దశరథరామయ్య తన అరచేతుల్ని చూసుకున్నాడు. "దానికి ఐదా నాలుగున్నరా అని తెలియదులే. నాకు తెలుసుగా. ఐదు అని చెప్పా." కాసేపటికి, "ఇన్నేళ్ళూ ఆ మంత్రి వేషానికి ఎక్కడెక్కడి వాళ్ళనో వెతికి తెచ్చామయ్యా. జగ్గయ్యపేటలో నువ్వున్నావని తెలియక," అన్నాడు.

"మీ గొంతు కోసమేనండి..."

"ఆ డైలాగు కూడా వచ్చే నీకు!"

డేవిడ్‌రాజు ఆకురాయిని డబ్బాలో పెట్టేశాడు.

"నాతో ఒక్క ముక్క అనలేకపోయారా ఇద్దరూ?"

"అర దించితే వేషమే కట్టనన్నారంట కదండీ."

"అంటా. అనకుండా ఎలా ఉంటా? నేను అన్నవన్నీ చేసేవాణ్ణయితే పత్తి వెయ్యనని ఎన్నిసార్లన్నా, ప్రతేడూ వెయ్యట్లా?" గొంతు పెరిగి, చివర్లో బొంగురుపోయింది. దగ్గాడు. దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు. "కోడికూత కూసినవాడు నయమయ్యా. మొహాన కూశాడు."

లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"పెట్టెని ఎలా ఉన్నదాన్ని అలా చెయ్యి. రేపు ఆటోలో పంపిస్తా."

"ఐదులో పాడితే గొంతు..."

"నేను ఏది పాడాలో నేను చూసుకుంటా. నువ్వు పెట్టెని చూడు." చెయ్యి చాపాడు. "పుల్ల ఇటివ్వు."

డేవిడ్‌రాజు రీడును చెక్కలో బిగించి ఇచ్చాడు.

"దీన్నేం గియ్యలేదుగా?"

"లేదండి."

దశరథరామయ్య పుల్లను నోట్లో పెట్టుకుని, డేవిడ్‌రాజు ఎదుటే ఊది చూసుకున్నాడు. తరవాత జేబులో వేసుకున్నాడు. నలభై ఐదేళ్ళలో డేవిడ్‌రాజు చేసిన పనిని ఆయన సరిచూసుకోవడం అదే మొదలు.

*

మళ్ళీ డెబ్బై ఎనిమిది. మళ్ళీ ఆ మరలే, ఆ గదులే. ఈసారి ఎడమవైపుకు. అంటించిన కాయితాలు తడి గుడ్డతో నాననిచ్చి ఊడదీశాడు. డబ్బాలోంచి వేసిన జతను తీసి డబ్బాలో పడేశాడు. కాయితంలో చుట్టి దాచిన జతను పై చివర దాని గదిలో కూర్చోబెట్టాడు. జరపడంలో రెండు మూడు రీడ్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అయ్యాయి. వాటిని కలపడానికే ఒక రోజు పోయింది. కళ్ళవెంట నీళ్ళు కారేవి. నడుము పట్టేసి, బల్ల మీద మోచేతులు ఆనించి పనిచేశాడు.

రాహేలుకు సంగతంతా చెప్పాడు.

"ఇంక మీకు పెట్టెలు ఇయ్యొద్దని వేరేవాళ్ళకి చెప్తాడా?" అని మాత్రం అడిగింది.

"చెప్పడు."

"మరింకేం?"

"చెప్తేనే నయం."

చంద్రమౌళి మాస్టారు ఫోను చేశాడు. "రామయ్య నాతో మాట్లాడట్లేదయ్యా. రిహార్సలుకొస్తాడు, పద్యం చదువుతాడు, వెళ్ళిపోతాడు. పెట్టె లేదుగా, పాడడు. నా పేరు చెప్పావా నువ్వు?"

"లేదండి. ఆయనే చెప్పుకున్నారు."

"శివరాత్రికి వస్తాడంటావా?"

"నాకు తెలియదండి. పెట్టె మాత్రం వస్తుంది."

ఆఖరున మూత లోపల ఇంకొక వరస రాశాడు. తేదీ వేసి, 'జరిపిన రీడ్లు యథాస్థానంలో అమర్చడమైనది' అని. పైన అరశ్రుతి దించిన వరస అలాగే ఉంది. రబ్బరు చేతిలోకి తీసుకుని, మళ్ళీ డ్రాయరులో పెట్టేశాడు.

శివరాత్రి నాడు మధ్యాహ్నం పెట్టెకు దుప్పటి చుట్టి నందిగామ బస్సెక్కాడు. పక్కసీటులో పెట్టుకుని ఒక చెయ్యి దానిమీదే వేసి కూర్చున్నాడు. ఉపవాసం ఉన్నవాళ్ళు బస్సునిండా ఉన్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. నందిగామలో స్టేజికి ఇంకా పరదాలు కడుతున్నారు. వెనక రేకుల గదిలో దశరథరామయ్య బనీనుతో కూర్చుని కిరీటానికి ఊడిన రాళ్ళు అంటిస్తున్నాడు. ఆయన దగ్గర్లోనే, ఆయన వైపు చూడకుండా, చంద్రమౌళి మాస్టారు కూర్చుని ఉన్నాడు.

డేవిడ్‌రాజు పెట్టెను చాప మీద దించి దుప్పటి తీశాడు.

"అయిందండి. శ్రుతి కలిసింది."

ఎప్పుడూ ఆ మాటకు ఒకటే జవాబు ఉండేది. ఆ జవాబు రాలేదు. దశరథరామయ్య చేతులకంటిన జిగురు తుడుచుకున్నాడు.

"స్క్రూడ్రైవరుందా?"

డేవిడ్‌రాజు సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెట్టె ముందు కూర్చుని, నాలుగు మరలూ తనే విప్పాడు. మూత తీసి, తిరగేసి, వెలుతురుకు పెట్టుకున్నాడు. లోపల పెన్సిలు వరసలు. ఇన్నేళ్ళుగా తన పెట్టెలోనే ఉన్నా ఆయన ఎప్పుడూ చూడనివి. మొదటినుంచి చదివాడు. పెదవులు కదులుతున్నాయి. ఎలుక కొరికిన చెక్క దగ్గర ఒక క్షణం ఆగాడు. ఐదో రీడ్లు మార్చిన వరస దగ్గర జేబు తడుముకున్నాడు. ఒంటిమీద చొక్కా లేదని గుర్తొచ్చి చెయ్యి దించాడు. చివరి రెండు వరసలు చదివేటప్పుడు పెదవులు కదల్లేదు. వాటి మధ్య చెరిపిన పెన్సిలు మరక ఉంది. దాన్ని కూడా చూశాడు.

"ఆ పైది తుడిచెయ్యాల్సిందయ్యా రాజూ," అన్నాడు మాస్టారు పొడిగా. "ఎందుకింక అది."

"ఉండనీ," అన్నాడు దశరథరామయ్య. అన్నది ఎవరితోనో తెలియలేదు.

మూత పెట్టి మరలు తనే బిగించాడు. అలవాటు లేని చెయ్యి. నాలుగోది వంకరగా దిగింది. డేవిడ్‌రాజు చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళి, సగంలో ఆగి, వెనక్కి వచ్చింది.

దశరథరామయ్య తిత్తి కదిపి తెల్లటి ఐదో మెట్టు మీద వేలు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. లోపలే ఎత్తుకుని చూసుకున్నట్టున్నాడు, మెడమీద నరం ఒకటి పైకి లేచింది. చాలాసేపు అలాగే ఉన్నాడు. బయట పరదా కడుతున్నవాళ్ళు తాడు లాగమని ఒకళ్ళమీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు. తరవాత ఆ వేలు తెల్ల మెట్టు మీదనుంచి లేచి, ఎడమవైపు పక్కనే ఉన్న నల్ల మెట్టు మీదికి వచ్చింది. నాలుగున్నర. మెడమీది నరం దిగింది.

"మౌళీ," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇక్కడ."

మాస్టారు జరిగి వచ్చి పెట్టె ముందు కూర్చుని, ఆయన వేలు ఉన్నచోట తన వేలు పెట్టాడు.

డేవిడ్‌రాజు దుప్పటి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపబోయి, దశరథరామయ్య దాన్ని తన కిరీటం పక్కన పెట్టుకోవడం చూసి ఊరుకున్నాడు.

"పెట్టె అప్పజెప్పానండి," అన్నాడు. "చూసుకోండి."

"చూసుకున్నా," అన్నాడు దశరథరామయ్య.